ఓవర్‌క్లాక్‌కి ముందు వోల్టేజీ జాగ్రత్తలు

ఓవర్‌క్లాక్ అంటే కంప్యూటర్ ప్రాసెసర్‌ను (సీపీయూ) కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. వేడికి తోడు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. రాత్రి పూట, యూపీఎస్ ఉంటేనే కూర్చోండి.

• బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) ఇప్పుడున్న సెట్టింగులన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

• 8 పిన్నుల సీపీయూ పవర్ కేబుల్ టక్కుమనేదాకా నొక్కండి. నాది సగమే దిగి ఉంది, రెండ్రోజులు అనవసరంగా మదర్‌బోర్డును తిట్టుకున్నాను.

• సీపీయూ వోల్టేజీని ఆటోలో వదిలేస్తే చాలా బోర్డులు అవసరానికి మించి ఎక్కిస్తాయి.

• సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు 1.30 వోల్టులు ఉండి, లోడ్ (బరువైన పని) పడగానే 1.25కి జారితే కంగారొద్దు, కొంత జారడం మామూలే. దాన్ని ఆపాలని లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను (ఆ జారుడును తగ్గించే బయోస్ సెట్టింగు) చివరిదాకా పెంచకండి. లోడ్ తీసిన క్షణంలో వోల్టేజీ ఎగదన్నుతుంది, మనకది కనిపించదు కూడా. మధ్యలో ఉంచితే చాలు.

• 12 వోల్టుల లైను మల్టీమీటర్‌లో 11.4 కంటే తగ్గితే ముందు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లై) మార్చండి.