చైనా అక్షరాలు నేర్చుకుందాం – పాఠం 4: చెట్టు మొదలు

పోయిన పాఠంలో చెట్టు అక్షరం రాశాం. అడ్డగీత, దాన్ని కోస్తూ నిలువుగీత, అవి కలిసిన చోటు నుంచి ఎడమకొకటి, కుడికొకటి జారే గీతలు. మొత్తం 4. ఇవాళ కొత్తగా వేయాల్సింది ఒక్కటే. నిలువుగీత అడుగున, జారే గీతల మధ్య చిన్న అడ్డగీత పెట్టండి. దీన్ని అన్నిటికన్నా చివర వేయాలి, పక్క గీతలకు తగలనివ్వకండి. 'మొదలు' అనే అక్షరం తయారు.

ఆ చిన్న గీత దేని బొమ్మా కాదు, చెట్టులో ఈ చోటు చూడమని చెప్పే గుర్తు. పాత కంచు పాత్రల మీది రాతల్లో అది వేళ్ల దగ్గర చుక్కల్లా కనిపిస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో 'షువోవెన్ జియెజి' నిఘంటువు కూర్చిన షు షెన్ కూడా 'చెట్టు, దాని కింద ఒక గీత' అనే వివరించాడు. అదే గీతను చెట్టు పైభాగాన, ఉన్న అడ్డగీతకన్నా పొడుగ్గా వేస్తే 'తుద'. పొట్టిగా వేశారో, అర్థం 'ఇంకా కాలేదు' అని మారిపోతుంది! పరీక్షల్లో మార్కులు పోయేది ఇలాంటి చోటే.

ఇక పలకడం. చైనీసులో దీన్ని రోమన్ లిపిలో 'బి'తో రాస్తారు గానీ, ఆ శబ్దం మన 'ప'కే దగ్గర: పెన్, మూడో స్వరంలో, అంటే గొంతు కిందికి దించి పలకాలి. జపాన్‌లో హొన్, కొరియాలో బొన్, వియత్నాంలో బాన్. 'మౌలికం' అనే మాటను వరసగా చీపెన్, కిహొన్, కిబొన్, కొబాన్ అంటారు. నాలుగింటిలోనూ రెండో అక్షరం మనదే. వియత్నాం వాళ్లు ఇప్పుడు రోమన్ లిపిలో రాస్తారు, కొరియాలో మామూలుగా తమ సొంత లిపి హంగుల్‌లోనే. అక్షరం కనిపించకపోయినా మాట మిగిలింది.

అసలు తిరకాసు జపనీస్‌లో ఉంది. అక్కడ హొన్ అంటే పుస్తకం. మూలం, ఆధారంగా పెట్టుకునే ప్రతి అనే అర్థం నుంచి అక్కడికి చేరింది. చైనీసులో పుస్తకానికి వేరే మాట ఉంది, కానీ పుస్తకాలను లెక్కపెట్టేటప్పుడు అంకె తర్వాత పెన్ రావాలి. మనం మనుషులకు ముగ్గురు, వస్తువులకు మూడు అంటాం కదా, వాళ్లు వస్తువు రకాన్ని బట్టి కూడా మాట మారుస్తారు. జపనీస్‌లో మాత్రం పుస్తకాలకు హొన్ వాడితే నవ్వుతారు. వాటికి 'సత్సు' అనాలి. హొన్ పొడుగాటి వాటికి: పెన్సిళ్లు, సీసాలు, గొడుగులు. ఫోన్ కాల్స్‌నీ, సినిమాలనూ కూడా ఇలాగే లెక్కపెడతారు. అంకెతో కలిసి శబ్దం మారుతుంది: ఒకటికి ఇప్పొన్, రెండుకు నిహొన్, మూడుకు సంబొన్. జూడోలో రిఫరీ అరిచే 'ఇప్పొన్' కూడా ఇదే అక్షరం.

'నిహొన్' అంటే జపాన్ దేశం కూడా. అప్పుడు ముందు వచ్చేది రెండు కాదు, సూర్యుడు. సూర్యుడి మొదలు, అంటే పొద్దుపొడిచే చోటు. టోక్యో ఉచ్చారణలో దేశానికి గొంతు 'హొ' మీద లేస్తుంది, రెండు పెన్సిళ్లకు 'ని' మీద.

అభ్యాసం: మొదలు, తుద, ఇంకా కాలేదు, ఈ మూడూ పక్కపక్కన పది వరసలు రాయండి. తర్వాత 'మొదలు'కు ఎడమ పక్కన మనిషి గుర్తు (亻) చేర్చండి. జపాన్‌లోనూ నేటి చైనాలోనూ ఒకే అర్థం ఉన్న మాట వస్తుంది. అదేంటో వచ్చే పాఠంలో చూద్దాం, ఈలోగా ఊహించండి. క్లూ: అది మీకూ ఉంది.