ఇంజన్ కేసింగ్‌పై నల్లరేగడి మరకలు వదిలించిన తీరు

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి మట్టి చైన్ ఆయిల్‌తో కలిసి బైక్ ఇంజన్ వేడికి కాలిందంటే షాంపూకి లొంగదు. ముందు జిడ్డు విరగాలి, తర్వాతే మట్టి వదులుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ నోరు, వైర్ల కనెక్టర్లు ప్లాస్టిక్ కవర్‌తో కట్టేయాలి. 100 మి.లీ. డీజిల్ చాలు. అంగుళం పెయింట్ బ్రష్‌తో పూసి 15 నిమిషాలు వదిలేయాలి. బ్రేక్ డిస్క్‌పై, టైరుపై చుక్క కూడా పడకూడదు. మరక మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఫిన్ల (ఇంజన్‌ని చల్లబరిచే రేకుల) సందుల్లోకి వెదురు పుల్ల. అసలు ముద్ద ముందువైపు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) కవర్ వెనకే ఉంటుంది. అది విప్పకపోతే సగం పనే అయినట్టు. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ నురుగుతో కడిగి, మగ్గుతో నీళ్లు పోయాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సీళ్లలోకి నీరు పోతుంది.

బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా దయచేసి వాడొద్దు: అల్యూమినియాన్ని తినేస్తాయి, మచ్చ శాశ్వతం. స్టీల్ పీచు కేసింగ్ పైనున్న లక్కర్ (మెరుపు వార్నిష్) పూతను గీరేస్తుంది.

ఇంత చేసినా తెల్లగా మిగిలితే అది మట్టి కాదు, పూత లేచినచోట పట్టిన ఆక్సైడ్. అక్కడ మెటల్ పాలిష్ కొంచెం గుడ్డకి రాసి రుద్దితే పోతుంది. పూత బాగున్నచోట మాత్రం పాలిష్ తగిలితే మెరుపు చచ్చిపోతుంది. సైలెన్సర్‌పై డీజిల్ మిగలకుండా తుడిచాకే స్టార్ట్ చేయాలి. చైన్‌కి మళ్లీ లూబ్ వేయాలి.