గూగుల్‌లో ఎంత కొట్టినా దొరకడం లేదా? టీచర్లకు సమస్య - కారణం - పరిష్కారం

కాంప్లెక్స్ మీటింగులో టీ బ్రేక్ వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "అన్నీ నెట్‌లో ఉన్నాయంటారు సార్, మనం వెతికితే మాత్రం ఒక్కటీ కనపడదు." ఉన్న మాటా నిజమే, కనపడని మాటా నిజమే. చాలాసార్లు తప్పు సిగ్నల్‌ది కాదు, ఫోన్‌ది అంతకన్నా కాదు. స్టాఫ్ రూమ్‌లో పక్క సార్‌ని అడిగినట్టే గూగుల్‌నీ అడుగుతాం, అక్కడే వస్తుంది చిక్కు. మన నోటికి వచ్చిన ప్రశ్న కాదు, మనకు కావలసిన పేజీ రాసినాయన ఏ మాట వాడి ఉంటాడో ఆ మాట కొట్టాలి. కింద చెప్పేవాటిలో చాలా వరకు దీని చుట్టూ తిరిగేవే.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. సైట్, ఫైల్‌టైప్ లాంటి మాట తర్వాత కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మిగతాది కొట్టాలి. "ఈ ట్రిక్కులేవీ నాకు పనిచేయవు" అనేవాళ్ళ ఫోన్ చూస్తే తరచుగా ఆ ఖాళీయే కనిపిస్తుంది.

సమస్య: రిజల్ట్స్ బోలెడు, పనికొచ్చేది ఒక్కటీ లేదు

తిరుపతి దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్ శిలల పాఠం చెప్పాలనుకుందాం. పుస్తకంలో ఎక్కడివో రాళ్ళ బొమ్మలు చూపించే బదులు, పిల్లలు కొండకు వెళ్ళినప్పుడల్లా చూసే ఘాట్ రోడ్డు రాళ్ళతోనే చెబుదామనుకున్నారు. ఆలోచన బ్రహ్మాండం. కానీ "తిరుమల ఘాట్ రోడ్డు రాళ్ళు" అని కొట్టగానే వచ్చేవి కొండచరియలు విరిగిపడ్డ వార్తలు, 2021 డిసెంబరులో రోడ్డు దెబ్బతిన్నప్పటి వీడియోలు, బస్సు టైమింగులు.

కారణం: "ఘాట్ రోడ్డు", "రాళ్ళు" అనేవి విలేకరుల మాటలు. ఆ రాళ్ళ గురించి పరిశోధన చేసినవాళ్ళు ఆ మాటలు వాడరు. మనం వార్తల భాషలో అడిగాం, గూగుల్ వార్తలే ఇచ్చింది.

పరిష్కారం: రెండుసార్లు వెతకాలి. మొదటిసారి వెతికేది సమాచారం కోసం కాదు, సరైన మాట పట్టుకోవడం కోసం. ఇంగ్లీషులో "తిరుమల హిల్స్ జియాలజీ" అని కొట్టి, పైన వచ్చిన రెండు మూడు పేజీలను పైపైన చూడండి. పదే పదే కనిపించే పేరు ఒకటి తగులుతుంది: ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, అంటే రెండు రాతి పొరల మధ్య కాలం తెగిపోయిన చోటు. దాని పక్కనే నగరి క్వార్ట్‌జైట్, నేషనల్ జియోలాజికల్ మాన్యుమెంట్ అన్న మాటలూ ఉంటాయి. వాటిని కాపీ చేసుకోండి.

రెండోసారి ఆ పేరును డబుల్ కోట్స్ మధ్య పెట్టి, పక్కన తిరుమల అని చేర్చి వెతకండి. కోట్స్ పెడితే ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి. ఇప్పుడు సీను మారిపోతుంది. కింద ఆర్కియన్ కాలపు గ్రానైట్, దాని మీద ఎంతో కాలం తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైట్, రెండింటి మధ్య కోట్ల ఏళ్ళ చరిత్రకు ఆనవాలే లేకపోవడం, అన్నీ బొమ్మలతో సహా దొరుకుతాయి. కొండ మీది శిలాతోరణం కూడా జాతీయ భూవిజ్ఞాన స్మారక చిహ్నమేనని అక్కడే తెలుస్తుంది. బస్సులో కిటికీ సీటు కోసం కొట్టుకునే పిల్లలకు ఇక అక్కడ చూడటానికి ఒక పని దొరికినట్టే.

సైన్సు వాళ్ళకూ ఇదే దారి. "మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయి" అని కొడితే చిన్నపిల్లల వీడియోలు వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ అని కొడితే పాఠాలు వస్తాయి. ప్రయోగం చేయించాలంటే ఇంగ్లీషులో ఫోటోసింథసిస్, స్టార్చ్ టెస్ట్ అని కొట్టాలి. విషయం పేరుతో పాటు మీకు ఏ రకం కాగితం కావాలో కూడా చెప్పండి: వర్క్‌షీట్, లెసన్ ప్లాన్, క్వశ్చన్ పేపర్, ల్యాబ్ మాన్యువల్. చివర ఫైల్‌టైప్:పీడీఎఫ్ అని చేర్చారంటే ప్రింటు తీసుకోదగ్గవే మిగులుతాయి. భిన్నాల్లో పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో ముందే తెలుసుకోవాలనుకునే లెక్కల టీచరు ఫ్రాక్షన్స్ పక్కన మిస్‌కన్సెప్షన్స్ అన్న ఒక్క మాట చేర్చి చూడాలి. నా దృష్టిలో టీచర్లకు ఇంతగా పనికొచ్చే మాట ఇంకొకటి లేదు.

అయినా వార్తలు వదలకపోతే, వద్దనుకున్న మాట ముందు మైనస్ గుర్తు పెట్టండి. గుర్తుకు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. దీన్ని పొదుపుగా వాడటం మంచిది. ఎక్కువ మైనస్‌లు పెడితే మంచి పేజీలు కూడా కొట్టుకుపోతాయి.

సమస్య: తెలుగులో కొడితే ఏమీ రావడం లేదు

దీనికి కారణాలు రెండు. ఒకటి చిన్నది: స్పెల్లింగు. శ్రీకాళహస్తిని ఒకరు కాళహస్తి అంటారు, చిత్తూరును ఒకరు చిత్తూర్ అని రాస్తారు, రాళ్ళు అని కొందరు, రాళ్లు అని కొందరు. రెండు రూపాలూ కొట్టి, మధ్యలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆర్ అన్న మాట పెడితే ఏది ఉన్నా తెస్తుంది. ఓ, ఆర్ రెండక్షరాలూ పెద్దవే ఉండాలి.

రెండోది పెద్దది, చాలామందికి తెలియనిది. తెలుగు పీడీఎఫ్‌లలో ఎన్నో పాత డీటీపీ పద్ధతిలో, అను ఫాంట్లలో చేసినవి. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం లోపల ఉన్నది పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఇంకొన్ని కేవలం స్కాన్ చేసిన ఫొటోలు. మీరు యూనికోడ్ తెలుగులో, అంటే ఇప్పుడు ఫోన్లలో వాడే మామూలు తెలుగు అక్షరాల్లో, ఎంత చక్కగా కొట్టినా లోపల ఆ అక్షరాలే లేవు కాబట్టి అవి పట్టుబడవు.

అనుమానం తీర్చుకోవడం తేలిక. ఆ పీడీఎఫ్‌లో ఒక లైను మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు వస్తే అది యూనికోడ్. అర్థంపర్థం లేని అక్షరాల గుంపు వస్తే అను ఫాంటు. అసలు సెలెక్టే కాకపోతే స్కాన్.

ఇలాంటివి లోపలి తెలుగు మాటలతో దొరకవు, బయటి పేరుతో దొరుకుతాయి. ఫైలు పేరు, దానికి లింకు ఇచ్చిన పేజీ సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. కాబట్టి తరగతి, సబ్జెక్టు, సంవత్సరం, తెలుగు మీడియం అన్నవి ఇంగ్లీషులో కొట్టి ఫైల్‌టైప్:పీడీఎఫ్ చేర్చండి. దొరికిన దానిలోంచి ఒక పేరా మళ్ళీ టైపు చేసుకునే ఓపిక లేకపోతే, పీడీఎఫ్‌ను కాకుండా ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద టెక్స్ట్ వస్తుంది. ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

సమస్య: దొరికింది, కానీ మనది కాదు. లేదా పాతది

పదో తరగతి మోడల్ పేపర్ అని వెతికి, డౌన్‌లోడ్ చేసి, ప్రింట్లు తీసి, పిల్లలకు పంచిన తర్వాత అది తెలంగాణ పేపరని తేలితే ఎవరికైనా టెన్షనే. రాష్ట్రాలు వేరయ్యాక పుస్తకాలూ పరీక్షలూ వేరయ్యాయి, తెలుగు మాత్రం ఒక్కటే. మీరు చెప్పకపోతే ఏ రాష్ట్రమో గూగుల్‌కు ఎలా తెలుస్తుంది?

మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పదోతరగతికి 11 పేపర్లున్న కాలం నాటివి ఇంకా నెట్‌లో తిరుగుతూనే ఉన్నాయి. 2024-25 నుంచి పదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది కాబట్టి అంతకు ముందు గైడ్లు, బిట్ బ్యాంకులు చాలా వరకు పాతపడ్డాయి.

పరిష్కారం: ఎక్కడ వెతకాలో మీరే చెప్పండి. సైట్:ఏపీ.గవ్.ఇన్ అని చేరిస్తే పరీక్షల విభాగం, పాఠశాల విద్యాశాఖ, జిల్లా సైట్లు, ఇలా రాష్ట్ర ప్రభుత్వ పేజీలకే వెతుకులాట పరిమితమవుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు సైట్:ఎన్‌సీఈఆర్‌టీ.ఎన్ఐసీ.ఇన్. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే వెతకనే అక్కర్లేదు, స్కాన్ చేస్తే నేరుగా ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో ఆ పాఠం తెరుచుకుంటుంది. ఇంత దగ్గర దారి ఉండగా యూట్యూబ్‌లో అరగంట తిరగడం ఎందుకో నాకు అర్థం కాదు.

జనరల్ నాలెడ్జి ప్రశ్నల్లో ఈ పాత సమాచారం ఇంకా ప్రమాదం. శ్రీహరికోట ఏ జిల్లా? పాత పేజీలన్నీ నెల్లూరు అంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక అది తిరుపతి జిల్లాలో ఉంది. అలాగే చిత్తూరు జిల్లాలో 66 మండలాలని రాసి ఉంటే, అది విడిపోకముందు జిల్లా లెక్క. ఇలాంటప్పుడు ఆఫ్టర్:2022-04-04 అని తేదీ చేర్చండి. పాతవే కావాలంటే బిఫోర్ అన్న మాట ఉంది. అయితే పాత వ్యాసాన్ని కొత్త తేదీతో మళ్ళీ పెట్టే సైట్లు కొన్ని ఉంటాయి కాబట్టి తేదీని ఒక్కదాన్నే నమ్మకుండా, చివరి మాటకు జిల్లా ప్రభుత్వ వెబ్‌సైట్ చూడటం క్షేమం.

సమస్య: జీవో నంబరు తెలుసు, జీవో దొరకదు

ప్రతి శాఖకూ, ప్రతి ఏడాదీ జీవో నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. 117 అన్న నంబరుతో ఎన్నో జీవోలుంటాయి. మన వాళ్ళు "నూట పదిహేడు" అనగానే 2022 నాటి రేషనలైజేషన్ (టీచర్ పోస్టుల సర్దుబాటు) జీవోయే గుర్తొస్తుంది గానీ అది మన గోల, మిషన్ గోల కాదు. నంబరు, శాఖ పేరు, సంవత్సరం మూడూ కలిపి కొట్టాలి. జీవో నంబరు ముందు ఉండే రకం గుర్తు, ఎంఎస్సా, ఆర్‌టీనా అన్నది తెలిస్తే అదీ చేర్చండి.

ఇంకో మెలిక: జీవోలను ప్రభుత్వ సైట్లో పెట్టడాన్ని 2021 ఆగస్టులో ఆపేశారు, 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలం జీవో అక్కడ కనపడకపోతే మీ వెతుకులాట తప్పని అనుకోకండి, ఈ-గెజిట్ సైట్ చూడండి. ఉపాధ్యాయ సంఘాల సైట్లలో కాపీలు ఉంటాయి, వాటిలో ముందు పేజీ మీది తేదీ, చివర సంతకం చూసుకోండి.

సమస్య: బొమ్మ బాగుంది, నిజమో కాదో తెలియదు

కృష్ణదేవరాయల పాఠానికి శ్రీకాళహస్తి గాలిగోపురం ఫొటో కావాలి. ఇమేజెస్‌లో వెతికితే వందల ఫొటోలు వస్తాయి, "రాయలు కట్టించిన గోపురం" అనే క్యాప్షన్ కొత్తవాటి కిందా ఉంటుంది. 1516లో రాయలు కట్టించిన గోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడక్కడ ఉన్నది తర్వాత కట్టింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఈ మధ్య తీసిన తళతళలాడే ఫొటో చూపించి రాయల కాలం నాటిదంటే, ఆ ఊరి పిల్లలుంటే క్లాసులోనే పట్టేసుకుంటారు.

ఫొటో మీద వేలు నొక్కిపట్టి గూగుల్ లెన్స్‌తో వెతకండి. అదే ఫొటో ఇంకా ఏ పేజీల్లో ఉందో వస్తుంది. వాటిలో 2010కి ముందు తేదీ ఉన్న పేజీ ఒక్కటి దొరికినా అది పాత గోపురమే. వికీమీడియా కామన్స్‌లో అయితే చాలా ఫొటోల కింద తీసిన తేదీ, లైసెన్సు రెండూ రాసి ఉంటాయి, అందుకే నేను ముందు అక్కడికే వెళ్ళమంటాను.

హక్కుల సంగతి: బోధనలో భాగంగా టీచరు వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 వీలిస్తుంది. కానీ అదే బొమ్మను సొంత యూట్యూబ్ ఛానెల్లో పెడితే లెక్క వేరు. అలాంటి పనికి ఇమేజెస్‌లో టూల్స్ నొక్కి, యూసేజ్ రైట్స్ దగ్గర క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి.

సమస్య: పైనే ఏఐ జవాబు వస్తోంది, అది చాలదా?

మాట పట్టుకోవడానికి చాలు, పేపర్లో రాయడానికి చాలదు. ఆ జవాబు పక్కన ఇచ్చిన లింకు తెరిచి, మీ వాక్యం అక్కడ నిజంగా ఉందో లేదో చూడండి. మార్కులు, తేదీలు, జిల్లాల దగ్గర ఇది తప్పనిసరి.

సమస్య: డౌన్‌లోడ్ బటన్లు నాలుగున్నాయి

పచ్చగా, పెద్దగా మెరిసేది ప్రకటన. ఫోన్ నంబరు అడిగితే బయటికి వచ్చేయండి. ప్రభుత్వ మోడల్ పేపరుకు ఎవరి నంబరూ అక్కర్లేదు.

సమస్య: గ్రూపులో వచ్చిన సర్క్యులర్ లింక్ నొక్కితే పేజీ లేదంటోంది

సైటు మారినప్పుడల్లా పాత లింకులు చచ్చిపోతాయి. గూగుల్ వాళ్ళు పాత కాపీ చూపించే క్యాష్ లింకును కూడా 2024లో తీసేశారు. ఆ లింకును మొత్తంగా కాపీ చేసి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషిన్‌లో పేస్ట్ చేయండి. క్యాలెండర్ వస్తుంది. గుండ్రని గుర్తున్న తేదీ నొక్కితే ఆ రోజు పేజీ ఎలా ఉందో తెరుచుకుంటుంది. అక్కడా లేకపోతే సర్క్యులర్ మీద ఉండే ఆర్‌సీ నంబరును (ఆఫీసు ఫైలు నంబరు) కోట్స్‌లో పెట్టి వెతకండి, దాన్ని ఎక్కించుకున్న వేరే సైటేదైనా తగలొచ్చు. దొరికిన వెంటనే డ్రైవ్‌లో పెట్టేయండి, ఫైలు పేరులోనే ఆర్‌సీ నంబరూ తేదీ ఉండేలా.