పెంకు బయట కోడి పిండాన్ని పెంచే పద్ధతి

పెంకు తీసేస్తే పిండం గుండె కొట్టుకోవడం, రక్తనాళాలు రోజురోజుకూ అల్లుకోవడం నేరుగా చూడవచ్చు. ఒక మందు నాళాలను పెంచుతుందా, అణచేస్తుందా అన్నదీ ల్యాబుల్లో ఇలా పరీక్షిస్తారు. మొదలుపెట్టే ముందు మీ సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక కమిటీ నియమాలు కనుక్కోండి.

కిరాణా కొట్టు ఫారం గుడ్లు పనికిరావు. గుడ్ల కోసం పెట్టలను పెంచే లేయర్ షెడ్లలో పుంజులుండవు, పొదిగినా పిండం కట్టదు. హేచరీ (కోడిపిల్లలను పొదిగించే కేంద్రం) గుడ్లు గానీ, పుంజు తిరిగే మందలోని నాటుగుడ్లు గానీ తెచ్చుకోవాలి. పెట్టి వారం దాటినవి వద్దు.

గుడ్లను అడ్డంగా పడుకోబెట్టి, పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, 37.5–38 డిగ్రీల సెల్సియస్, 60 శాతం తేమ ఉన్న ఇంక్యుబేటర్‌లో (పొదిగే పెట్టెలో) 72 గంటలు ఉంచండి. మామూలు పొదుగులోలా తిప్పకూడదు. కదలకుండా ఉంటేనే పిండం గుర్తు కిందికి తేలుతుంది. నాలుగో రోజు దాటిందంటే పొర పెంకుకు అంటుకోవడం మొదలై, తీసేటప్పుడు నాళాలు తెగుతాయి.

ఈలోగా పెంకుకు బదులు గుడ్డు సొనను ఉంచే ఊయల సిద్ధం చేయండి. 8 సెంటీమీటర్ల నోరున్న ప్లాస్టిక్ గ్లాసు అడుగున కాస్త స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీళ్లు పోసి, పైన వంటింటి క్లింగ్ ఫిల్మ్‌ను గిన్నెలా 4–5 సెంటీమీటర్లు దించి, రబ్బర్ బ్యాండ్ వేయాలి. గాలి ఆడేందుకు గ్లాసు పక్కన చిన్న రంధ్రం పెట్టండి. ఫిల్మ్‌ను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే పూర్తిగా ఆరనివ్వండి, తడి మిగిలితే పిండం బతకదు. లోతు సరిగ్గా కుదరడం చాలా ముఖ్యం. ఊయల చదునుగా ఉంటే పచ్చసొన పరుచుకుని, దాని పలుచటి పొర సాగి, ఒకటి రెండు రోజుల్లో చిట్లిపోతుంది.

గుడ్డు పగలగొట్టడం లామినార్ ఫ్లో హుడ్‌లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని అరలో). పెంకును ఆల్కహాల్‌తో తుడిచి, గుర్తు పైకే ఉంచి, గుడ్డు అడుగుభాగాన్ని పదునైన అంచుకు ఒక్కసారి కొట్టండి. గుడ్డును ఫిల్మ్‌కు దాదాపు తాకేంత దగ్గరగా పట్టుకుని, రెండు బొటనవేళ్లతో మెల్లగా విప్పండి. ఎత్తు నుంచి జారినా, పెంకు ముక్క గీసుకున్నా సొన చెదురుతుంది. ఎక్కువ పిండాలు పోయేది ఇక్కడే. అన్నీ కుదిరితే సొన మీద రూపాయి బిళ్లంత మేర ఎర్రటి తీగలు, మధ్యలో టిక్కుటిక్కుమంటూ ఎర్రటి చుక్క కనిపిస్తాయి. అదే గుండె. పిండం పక్కకు ఒరిగి ఉంటే వేలు పెట్టవద్దు, గ్లాసును కొద్దిగా వంచి చూడండి.

గ్లాసు మీద పెట్రీ డిష్ (ల్యాబుల్లో వాడే పలుచటి గుండ్రటి పళ్లెం) మూతను వదులుగా పెట్టి మళ్లీ ఇంక్యుబేటర్‌లో ఉంచండి. సొన పైభాగం మెరుపు తగ్గితే తేమ చాలడం లేదని అర్థం. తెల్లసొన మబ్బుగా మారి వాసన వస్తే సూక్ష్మజీవులు చేరినట్టే, ఆ గ్లాసును వెంటనే వేరుచేసి ఆటోక్లేవ్ చేయాలి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో సూక్ష్మజీవులను చంపాలి).

నాళాల పరిశీలనకు 10 రోజులు చాలు. అంతకు మించి పెంచాలంటే కాల్షియం అందించాలి, ఎముకలకు కావాల్సిన కాల్షియంలో ఎక్కువ భాగం పెంకు నుంచే వస్తుంది. 2014లో జపాన్ పరిశోధకులు పెంపకం మొదట్లోనే 250–300 మిల్లీగ్రాముల కాల్షియం లాక్టేట్‌ను, 2.5–3 మిల్లీలీటర్ల నీటిని చేర్చి, 17వ రోజు నుంచి ఆక్సిజన్ పంపి, పిల్లలను పొదిగించగలిగారు.