వలస ఊళ్లలో పిల్లల చదువును కొలవడం

కర్నూలు పడమటి మండలాల్లో, అంటే కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు సర్వేకి దిగేముందు చూడాల్సింది వలస నెలలు. మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు కదిలాక, ఏ ఫిబ్రవరిలోనో వెళితే తాళాలే కనిపిస్తాయి. ఊళ్లో మిగిలేది కాస్త ఉన్నవాళ్లు కాబట్టి ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. మొదటి కొలత జూలైలో పెట్టుకుంటే, దాంతో పోల్చడానికి చేసే రెండోదీ మరుసటి జూలైలోనే చేయాలి.

ఊరిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో దాంట్లో 5 ఇళ్లు తీసుకోండి. భాగం నడుమ నుంచి మొదలుపెట్టి, ఎడమచేతి వైపు ప్రతి ఐదో ఇల్లు. ఊరి పెద్దమనిషి చూపించిన ఇళ్లకే పోతే ఎస్సీ కాలనీ తప్పిపోతుంది, సర్వే అక్కడికక్కడే పాడైనట్టు. తాళముంటే రాసుకొని, కూలి నుంచి వచ్చే వేళకు, సాయంత్రం మళ్లీ వెళ్లండి.

పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మొదట నాలుగు వాక్యాల పేరా ఇవ్వండి. చదివితే చిన్న కథ, తడబడితే పదాలు. 5 పదాల్లో 4 రావాలి, లేదంటే అక్షరాలు. పక్కనుంచి అమ్మో అన్నో అందిస్తే ఆ జవాబు లెక్కకు రాదు. సర్వే ఫారంలో ఇంటి భాషకు ఒక గడి తప్పనిసరి, ఈ సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి.

రెండోసారి దొరకని పిల్లలను జాబితాలోంచి కొట్టేయకండి. ఎంతమందో విడిగా చూపండి. అందుకే మొదటిరోజే ఇంట్లో ఒకటి, బంధువులది ఒకటి, రెండు ఫోన్ నంబర్లు అనుమతితో తీసుకోవాలి.