ఆంప్ మోకాళ్లకి వినిపిస్తే ఏం లాభం? గిటార్ ఆంప్‌కి స్టాండ్ కొనడం, లేదా మనమే చేసుకోవడం

గిటార్ కొంటాం, పెడల్స్ కొంటాం, కేబుళ్లు రెండు మూడు సార్లు మారుస్తాం, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) మాత్రం గోడ పక్కన నేల మీదే పడి ఉంటుంది. దాని ముందు నిలబడి వాయిస్తుంటే సౌండు దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తుంది, సరేనని ట్రెబుల్ పెంచుతాం, చాలక ప్రెజెన్స్ (ఆంప్ మీద పదును ఇంకా పెంచే నాబ్) కూడా పెంచుతాం, అటు ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మొహాలు చిట్లిస్తుంటారు, మనకేమో ఎందుకో అర్థం కాదు. నేను మూడేళ్లు ఇలాగే వాయించా. ఓ రోజు రిహార్సల్‌లో కింద కూర్చుని స్ట్రింగ్ మారుస్తుంటే మావాడు నా గిటార్ తీసుకుని నా సెట్టింగ్స్‌తోనే వాయించాడు, బాబోయ్, చెవిలో సూది గుచ్చినట్టు ఉంది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఆంప్ వాయించింది నా మోకాళ్లకి.

విషయం ఇంతే. స్పీకర్‌లోంచి బేస్ అన్ని వైపులకీ పాకుతుంది, ట్రెబుల్ మాత్రం టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. 1000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు సుమారు 34 సెంటీమీటర్లు, 3000 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి అది 11 సెంటీమీటర్లే, మన స్పీకరేమో 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు. స్పీకర్ కన్నా అల చిన్నదయ్యేకొద్దీ శబ్దం పక్కలకి పరచుకోవడం తగ్గిపోతుంది, గిటార్ పదును అంతా ఉండేది ఆ పై రేంజిలోనే. దీనికి తోడు నేల బేస్‌ని ఇంకొంచెం పెంచి మనకి పంపుతుంది, గది మూలలో పెడితే మరీను. మొత్తానికి నిలబడ్డ మనిషికి బేస్ ఎక్కువ, ట్రెబుల్ తక్కువ. స్టాండ్ చేసే పని స్పీకర్ మొహం మన చెవి వైపు తిప్పడం, లేదా నేల నుంచి పైకి లేపడం, లేదా రెండూ.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. ఆంప్ నేరుగా టైల్స్ మీద కూర్చుంటే దాని అదురు స్లాబులోకి దిగి కింది ఫ్లోర్ వాళ్ల సీలింగు దాకా పోతుంది. మధ్యలో స్టాండూ, దాని కాళ్ల కింద మందపాటి రబ్బరూ ఉంటే ఆ అదురు కొంత తగ్గుతుంది. గాల్లో పోయే శబ్దం మాత్రం తగ్గదు, కాబట్టి స్టాండ్ కొన్నాం కదాని రాత్రి 11కి వాల్యూమ్ పెంచితే కింది ఆంటీ పైకి రావడం ఖాయం.

ఎంత వంచాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. నిలబడ్డప్పుడు చెవి నేల నుంచి ఓ మీటరున్నర ఎత్తులో ఉంటుంది అనుకోండి, నేల మీది ఆంప్‌లో స్పీకర్ మధ్యభాగం పావు మీటరు దగ్గర. మీరు 2 మీటర్ల దూరంలో ఉంటే లెక్క ప్రకారం 32 డిగ్రీలు రావాలి, 3 మీటర్లయితే 23 సరిపోతుంది. సరిగ్గా చెవికి గురిపెట్టక్కర్లేదు, గురిపెడితే ఆ పదును కూడా ఎక్కువైపోతుంది, కొంచెం కిందికి ఉంటేనే వినడానికి హాయి. అందుకే నా ఓటు 25 డిగ్రీలకి. ఇంట్లో కూర్చుని వాయించేవాళ్లకి ఇదంతా కూడా అక్కర్లేదు, 45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి చెక్క స్టూలు మీద ఆంప్ పెట్టి ముందు అంచు కింద 5 సెంటీమీటర్ల చెక్క ముక్క తోస్తే చిన్న ఆంప్ 12 డిగ్రీల దాకా వంగుతుంది, మంచం మీద కూర్చున్న మనిషికి అది చాలు. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దు. ఓ క్రిస్మస్ ప్రోగ్రాంలో నేను ప్లాస్టిక్ స్టూలు మీదే పెట్టా, రెండో పాటలో బేస్ గిటార్ అదురుకి ఆంప్ మెల్లమెల్లగా జరుగుతూ జరుగుతూ అంచుకొచ్చి పడింది, లోపల రివర్బ్ స్ప్రింగులు (సౌండుకి గుంయ్ మనే గది మోత తెచ్చేవి) చేసిన చప్పుడుకి హాల్లో అందరూ పిడుగు పడిందనుకున్నారు.

ఇప్పుడు అసలైన విషయం, పడిపోవడం. స్టాండ్ కొన్నా చేసుకున్నా ముందు మీ ఆంప్ బరువు ఎక్కడుందో తెలుసుకోండి. ఆంప్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కార్పెట్ మీదో మ్యాట్ మీదో పెట్టి, వెనక ఒకరిని నిలబెట్టి, మెల్లగా వెనక్కి వంచుతూ పొండి. మొదట్లో చేతికి బరువు తెలుస్తుంది, వంగేకొద్దీ తేలికవుతుంది, ఒక చోట బరువే లేనట్టు అయిపోతుంది. ఆ కోణం ఎంతో ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూసుకోండి. అదే మీ ఆంప్ పడిపోయే కోణం. 24 సెంటీమీటర్ల లోతు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఆంప్‌లో బరువు మధ్య కన్నా కాస్త పైన ఉందనుకుంటే అది 28 డిగ్రీల దగ్గరే వస్తుంది! అంటే మనం పెడదామనుకున్న 25కి, పడిపోయే కోణానికి మధ్య తేడా మూడంటే మూడు డిగ్రీలు. ట్యూబ్ కాంబోల్లో (కాంబో అంటే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది, ట్యూబ్ అంటే పాతకాలం గాజు వాల్వులతో పనిచేసేది) బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు పైనున్న ఇనప చట్రానికే ఉంటాయి కాబట్టి అవి ఇంకా తొందరగా పడతాయి. అందుకని స్టాండ్ కాళ్లు ఆంప్ వెనక్కి బాగా సాగి ఉండాలి, అది లేని స్టాండ్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఎంత సాగాలో చూడ్డానికి ఓ చిట్కా: దారానికి ఒక బరువైన నట్టు కట్టి, స్టాండ్ మీద వంగి ఉన్న ఆంప్ పై వెనక అంచు నుంచి కిందికి వేలాడదీయండి. నట్టు నేలని తాకే చోటు కన్నా స్టాండ్ వెనక కాలు ఇంకా వెనక్కి ఉండాలి. అలా ఉంటే ఎవడైనా కేబుల్ తన్నుకుని వెళ్లినా ఆంప్ ఊగుతుందేమో గానీ వెనక్కి తిరగబడదు.

కొనేవాళ్లకి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మడత పెట్టే ఇనప స్టాండ్, రెండు చేతుల మీద ఆంప్ వెనక్కి వాలి కూర్చుంటుంది, హెర్క్యులిస్, ఆన్-స్టేజ్ లాంటి బ్రాండ్లలో ఉన్నాయి. రెండోది ట్రైపాడ్ లాంటిది, ఆంప్‌ని నడుము ఎత్తుకి లేపుతుంది. చిన్న ఆంప్‌కి ట్రైపాడ్ ఓకే, కానీ 15 కేజీలు దాటితే నాకు ధైర్యం చాలదు, ఎత్తు పెరిగేకొద్దీ చిన్న తోపుకే ఊగుతుంది మరి. కొనేటప్పుడు కాగితం మీద రాసిన లోడ్ చూడండి, మీ ఆంప్ బరువుకి దాదాపు రెట్టింపు ఉంటే నిశ్చింత. చేతుల మధ్య దూరం కూడా ముఖ్యం, ఆంప్ కింద ఉన్న రబ్బరు కాళ్లు ఆ చేతుల మీద సగం ఎక్కి సగం దిగి ఉంటే వారం రోజుల్లో జారుతుంది. వీలైతే ఆంప్ తీసుకుని షాపుకి వెళ్లి పెట్టి చూడండి, మొహమాటపడకండి, డబ్బులు మనవే కదా.

ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటివి 29 కేజీలు ఉంటాయి, వాటికి కంపెనీవాళ్లే పక్కలకి వెనక్కి వాల్చే ఇనప కాళ్లు పెట్టారు, 1960ల నుంచీ ఉన్న పద్ధతే, వేరే స్టాండ్ అక్కర్లేదు. రిహార్సల్ స్టూడియోల్లో కనిపించే రోలాండ్ జేసీ-120 కూడా 28 కేజీలు, దానికి చక్రాలుంటాయి, చక్రాలతో పాటు స్టాండ్ ఎక్కించకండి, ముందు అవి ఊడదీయండి. నాలుగు స్పీకర్ల పెద్ద క్యాబినెట్ ఉన్నవాళ్లకి స్టాండ్ గొడవే లేదు, పై రెండు స్పీకర్లు ఎలాగూ ఎత్తులోనే ఉంటాయి.

ఇక చేసుకునేవాళ్ల సంగతి. నేను చేసింది 11, 12 కేజీల కాంబోకి, బాస్ కంపెనీ కటానా 50 సైజు అనుకోండి, సెంటీమీటర్లలో 47 వెడల్పు, 24 లోతు, 40 ఎత్తు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఓ 6 చదరపు అడుగులు చాలు, ప్లైవుడ్ షాపుల్లో కట్ పీసులు ఉంటాయి, అడిగితే ఇస్తారు, కోసి కూడా పెడతారు.

ముందు ఓ అట్టపెట్టె విప్పి దాని మీద సైడు పలక ఆకారం ఫుల్ సైజులో గీయండి. నేల గీత 42 సెంటీమీటర్లు. ముందు కొస నుంచి నిలువుగా 17 పైకి ఒక చుక్క. ముందు కొస నుంచి నేల మీద 20 లోపలికి వచ్చి అక్కడ 8 ఎత్తులో రెండో చుక్క, ఆంప్ కింది వెనక అంచు కూర్చునే మూల ఇదే. ముందు నుంచి 31 లోపలికి, 31 ఎత్తులో మూడో చుక్క, ఇది వీపు ఆనే చోటు. చుక్కల్ని వరసగా కలిపి, చివరిదాన్ని వెనక నేల కొసతో కలిపితే ఆకారం పూర్తి, చూడ్డానికి వాలుకుర్చీని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. ఆ మూల దగ్గర మూలమట్టం పెట్టి చూడండి, 90 డిగ్రీలు రాకపోతే పై చుక్కని కొంచెం అటూ ఇటూ జరపండి, మొదటిసారి నేను ఇది చూసుకోక ఆంప్ వీపుకి, చెక్కకి మధ్య వేలు దూరే సందు వచ్చింది. అట్ట కత్తిరించి ఆంప్ పక్కన నిలబెట్టి నచ్చాకే ప్లైవుడ్ ముట్టుకోండి.

అలాంటి పలకలు రెండు. వాటి మీద కూర్చునే పలక 22 సెంటీమీటర్ల లోతు, వెడల్పు మీ ఆంప్ కన్నా ఓ 3 సెంటీమీటర్లు తక్కువ, కానీ ఆంప్ రబ్బరు కాళ్లు నాలుగూ దాని మీద పూర్తిగా కూర్చోవాలి, ముందు అది కొలవండి. వెనక కింద, నేలకి దగ్గరగా, రెండు సైడు పలకల మధ్య 10 సెంటీమీటర్ల వెడల్పు చెక్క బద్ద ఒకటి పెట్టాలి, ఇది లేకపోతే స్టాండ్ పక్కకి ఊగుతుంది. పైన ఇంకో సన్న బద్ద. వీపు మొత్తం చెక్కతో మూసేయకండి, చాలా కాంబోలకి వెనక ఓపెన్‌గా ఉంటుంది, సౌండు అటునుంచి కూడా వస్తుంది, ట్యూబ్ ఆంప్ అయితే వేడి కూడా అటునుంచే పోవాలి. సైడు పలకల అంచులే వీపుని మోస్తాయి, బద్దలు వెనక నుంచి పట్టుకుంటే చాలు.

ప్లైవుడ్ అంచులోకి స్క్రూ నేరుగా దించితే పొరలు చీలతాయి. ముందు సన్న బిట్‌తో రంధ్రం వేసి, ఫెవికాల్ రాసి, తర్వాత స్క్రూ. ఒక రాత్రంతా కదపకండి. సాండ్ పేపర్ కొట్టి, రంగో వార్నిషో మీ ఇష్టం. ఆంప్ వెనక్కి వాలుతుంది కాబట్టి ముందు అడ్డుపట్టీ అక్కర్లేదు, దాని బరువుకి అదే మూలలోకి జారి కూర్చుంటుంది.

ఇనుముతో కావాలంటే విజయవాడలో ఆటోనగర్ వైపు, లేదంటే మీ వీధి చివర గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో కూడా అయిపోతుంది, ఇంచు స్క్వేర్ పైపు ఓ 4 మీటర్లు పడుతుంది. ఆ అట్టముక్కనే పట్టుకెళ్లి చూపించండి, నోటితో చెప్తే మేస్త్రి కూలర్ స్టాండ్ చేసి ఇస్తాడు, అనుభవం మీద చెప్తున్నా. పైపుతో ఉన్న ఒక్క చిక్కు, లోపల బోలు కాబట్టి మోగుతుంది. కొసలకి రబ్బరు బుష్‌లు కొట్టి, ఆంప్ ఆనే చోట్ల పాత సైకిల్ ట్యూబు చుట్టేస్తే చాలావరకు ఆగుతుంది.

చెక్క స్టాండ్‌కి కూడా ఆంప్ తగిలే ప్రతిచోటా రబ్బరో పాత యోగా మ్యాట్ ముక్కో అతికించండి. తర్వాత మోత పరీక్ష: వాల్యూమ్ మామూలుగా వాయించే దాని కన్నా కాస్త పెంచి, లావు ఇ స్ట్రింగ్ ఓపెన్ నుంచి ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ ఒక్కో నోటు మీద ఆగి వినండి. ఓపెన్ ఇ అంటే 82 హెర్ట్జ్, అక్కడి నుంచి పైకి పోతుంటే ఏదో ఒక నోటు దగ్గర గర్రుమంటుంది. ఎక్కడ మోగుతుందో చేత్తో నొక్కి పట్టుకుంటే దొరికిపోతుంది, స్క్రూ బిగించడమో రబ్బరు పెట్టడమో. ఒక్కోసారి మోగేది స్టాండ్ కాదు, పక్కన బీరువా మీదున్న స్టీలు డబ్బా.

స్టాండ్ ఎక్కించాక పాత ఈక్యూతో (బేస్, ట్రెబుల్ నాబ్‌ల సెట్టింగ్స్) వాయించకండి, చెవులు పోతాయి. ట్రెబుల్, ప్రెజెన్స్ రెండూ సగానికి దించి, బేస్ కొంచెం పెంచి మళ్లీ మొదటి నుంచి సెట్ చేసుకోండి, వాల్యూమ్ కూడా తగ్గించవచ్చు, ఎందుకంటే ఇప్పుడు మీకు మీరు వినబడుతున్నారు. చర్చిలోనో స్టేజీ మీదో వాయించేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి, పైకి వంచిన ఆంప్ ముందు పాడే వాళ్ల మైక్ ఉంటే గిటారంతా ఆ మైక్‌లోకే పోతుంది, ఆంప్‌ని స్టేజీ పక్క నుంచి మీ వైపు అడ్డంగా తిప్పి పెట్టుకోండి. పందిరి స్టేజీల మీద చెక్కలు ఊగుతుంటాయి కదా, అక్కడ నేనైతే ఆంప్‌నీ స్టాండ్‌నీ కలిపి ఒక లగేజీ బెల్టు బిగిస్తా, వెనక వెంట్లకి అడ్డం రాకుండా పక్కల నుంచి.