జీడిపిక్కల సీజనుకి ముందు: లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకీ, కావాలనుకునేవాళ్లకీ

మార్చి చివరికల్లా మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు రాలడం మొదలవుతుంది. పలాస, కాశీబుగ్గ వ్యాపారులు డబ్బు సంచులు పట్టుకుని మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లన్నీ తిరిగేది ఆ రోజుల్లోనే. చీకటి పడ్డాక తోటల మధ్య దారిలో బండి మీద వస్తుంటే వెనక ఇంకో బండి లైటు కనిపించినా గుండె జారుతుంది. అందుకే ఏటా ఫిబ్రవరిలో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "ఏటి బావా, గన్ లైసెన్సు తీసుకుంటే మంచిదంటావా?" అని.

నా దగ్గర పదమూడేళ్లుగా పాయింట్ 32 (అది తూటా సైజు) రివాల్వర్ ఒకటి ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరి వైపూ ఎత్తలేదు. దానివల్ల నేను పడ్డ టెన్షన్ అంతా కాగితాలతోనూ, బీరువా తాళంతోనూ, ఎన్నికల కోడ్‌తోనూ పడ్డదే. అందుకని నా జాగ్రత్తలు కూడా తుపాకీ చేతిలో ఉన్న క్షణం గురించి తక్కువ, చేతిలో లేని రోజుల గురించి ఎక్కువ.

ముందుగా ఒక మాట. ఇప్పుడు అప్లై చేస్తే ఈ సీజనుకి చేతికొస్తుందని అనుకోకండి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం పోలీసు రిపోర్టుకి 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు గడువు. కాగితం మీదే మూడు నెలలైతే అసలు ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ లైసెన్సు ఇచ్చేది కలెక్టరే, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో. మీ స్టేషన్ నుంచి ఎంక్వైరీ రిపోర్టు పైకి వెళ్తుంది. వయసు 21 నిండాలి. దౌర్జన్యం కేసులో శిక్ష పడి బయటికొచ్చి ఐదేళ్లు కాకపోతే కుదరదు. బైండోవర్ అయి, అంటే గొడవలకి పోనని బాండు రాసిచ్చి ఉన్నా, ఆ బాండు గడువు తీరేదాకా ఆశ వదులుకోవాలి. పంచాయతీ ఎన్నికల గొడవల్లో ఎస్సై పిలిచి సంతకం పెట్టించుకున్నది చాలామంది మర్చిపోతారు. అప్లై చేసేముందు ఒకసారి గుర్తు చేసుకోండి.

అసలు మెలిక కారణం దగ్గరుంది. 1959 ఆయుధాల చట్టం అన్ని తుపాకులనీ ఒకే గాటన కట్టదు. 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న పొడవు తుపాకీని ఆత్మరక్షణకి అడిగినా, పంట కాపలాకి మందు దట్టించే తుపాకీ అడిగినా దారి కొంచెం సులువు. పిస్టల్, రివాల్వర్ అయితే మీకు తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. "భయంగా ఉందండీ" అంటే చాలదు. డబ్బు తీసుకెళ్లే వ్యాపారమైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ కాగితాలు పెట్టండి. బెదిరింపులొస్తే అప్పుడే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఆ కాపీ దాచుకోండి. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదని అదే చట్టంలో ఉంది. కాదంటే అప్పీలుకి వెళ్లొచ్చు.

ఎలుగుబంట్ల కోసం రివాల్వర్ అడిగేవాళ్లూ ఉన్నారు మా వైపు. వాళ్ల భయం నాకు తెలుసు, తెల్లవారుజామున తోటకెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లు గుమ్మం వైపే చూస్తుంటారు. కానీ పాయింట్ 32 తూటా ఎలుగుని ఆపదు, దాని కోపం పెంచుతుంది. పైగా ఎలుగుబంటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్నవాటిలో ఉన్న జంతువు. నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, చేతిలో టార్చి పెట్టుకుని వెళ్లడమే దానికి మందు.

అప్లికేషన్‌తో పాటు తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్, డాక్టరిచ్చే శారీరక, మానసిక ఆరోగ్య సర్టిఫికెట్, తుపాకీని భద్రంగా దాస్తానన్న హామీపత్రం ఇవ్వాలి. శిక్షణని సంతకంతో సరిపెట్టేద్దామని చూడకండి. మొదటిసారి పేల్చినప్పుడు నా తూటా టార్గెట్ బోర్డుకి కూడా తగల్లేదు. ఆ రోజు అక్కడ పడ్డ సిగ్గు ఇప్పటికీ మేలు చేస్తోంది.

ఇక ఏది కొనాలి? సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి 9 ఎంఎం కావాలనేవాళ్లు ఆ ఆలోచన అక్కడే వదిలేయండి. అది సైన్యం, పోలీసులు వాడే తూటా, మామూలు లైసెన్సు మీద రాదు. మనకి దొరికేవి ఎక్కువగా పాయింట్ 32, పాయింట్ 22. ప్రభుత్వ కంపెనీల్లో తయారయ్యేవే చాలామంది కొంటారు. కాన్పూర్ రివాల్వరు పాతకాలం నుంచి ఉన్నదే. 2014లో టైటానియం మిశ్రమంతో నిర్భీక్ అనే రివాల్వరు వచ్చింది, బరువు అరకేజీ చుట్టుపక్కల. 2023లో ప్రబల్ అనే ఇంకో రివాల్వరు వచ్చింది. పిస్టల్ కావాలంటే అశని ఉంది. తేలికైనది కదా అని నిర్భీక్ వైపు మొగ్గేముందు ఒక సంగతి తెలుసుకోండి. తుపాకీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు చేతిని అంత గట్టిగా వెనక్కి తంతుంది.

నా ఓటు రివాల్వర్‌కే. ఏడాదికి రెండుసార్లు ప్రాక్టీసు చేసే మనలాంటివాళ్లకి సిలిండర్ (తూటాలు పెట్టే చక్రం) తెరిస్తే ఎన్ని తూటాలున్నాయో కంటికి కనబడే తుపాకీ కావాలి. పిస్టల్లో మ్యాగజైన్ (తూటాల డబ్బా) లాగేసి ఖాళీ అయిపోయిందనుకుంటారు, ఛాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒక రౌండు మిగిలే ఉంటుంది. అనుకోకుండా పేలే తుపాకుల కథల్లో సగం ఇదే కథ. పిస్టల్ కొన్నారంటే వరస మార్చకండి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడు (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి పట్టుకోవాలి, ఛాంబర్లోకి కంటితో చూసి, వేలుతో తడిమి చూడాలి. ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడు వదలగానే మ్యాగజైన్లోని ఇంకో రౌండు లోపలికి దూరిపోయి ఉంటుంది. రివాల్వరైనా పిస్టలైనా ఈ పని చేస్తున్నంతసేపూ గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కి బయట ఉండాలి.

పాయింట్ 32 అని రెండింటి మీదా రాసి ఉన్నా రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. పిస్టల్‌ది పొట్టిది. బావమరిది దగ్గర మిగిలాయి కదా అని తెచ్చి దూర్చకండి. అసలు ఆయన తూటాలు మీరు తీసుకోవడమే తప్పు. మీ లైసెన్సు మీద రాసినన్ని, లైసెన్సున్న డీలరు దగ్గర కొని, పుస్తకంలో ఎక్కించుకోవాలి.

"అంత ఖర్చెందుకు, ఏజెన్సీ వైపు నాటుది చవగ్గా దొరుకుతుంది" అని చెవిలో ఊదేవాళ్లుంటారు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే తక్కువలో తక్కువ 2 ఏళ్లు, ఎక్కువైతే 5 ఏళ్లు జైలు. గొట్టం చేతిలోనే పగిలిపోయే ప్రమాదం దానికి అదనం.

లైసెన్సు వచ్చింది, తుపాకీ వచ్చింది. బయటికి తీసుకెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో, బట్ట కింద పూర్తిగా కప్పి ఉండాలి. జేబులో వేసుకోకూడదు, ఎవరికీ చూపించకూడదు. లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి. లోకల్ హోటల్లో టీ తాగుతూ చొక్కా పక్కకి తప్పించి కూర్చునేవాళ్లని చూశాను. దొంగకి అంతకంటే మంచి కబురు లేదు. మీ దగ్గర డబ్బుందని తెలిసింది, తుపాకీ ఎటు పక్కనుందో కూడా తెలిసింది. పెళ్లిలో, ఊరేగింపులో గాల్లోకి పేల్చడం 2019 సవరణతో విడిగా నేరమైంది. 2 ఏళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు, అరసవల్లిలో రథసప్తమి నాడు తుపాకీ ఇంటి లాకర్ దాటకూడదు. లక్షలమంది తోసుకునే చోట నడుముకి ఏముందో మీ అదుపులో ఉండదు. మందు తాగే రోజు కూడా అంతే. దాని మీద చర్చ అనవసరం.

మన జిల్లావాళ్లు తెలియకుండా చేసే తప్పు ఇంకోటుంది. లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. పాతపట్నంవాళ్లకి పర్లాకిమిడి అంటే పక్క వీధి లెక్క, కూరగాయలకి కూడా వెళ్లొస్తారు. ఇచ్ఛాపురంవాళ్లకి బరంపురం అంతే. కానీ మహేంద్రతనయ దాటితే ఒడిశా. నేనూ ఒకసారి పర్లాకిమిడిలో చుట్టాల పెళ్లికి బయల్దేరాను. పాతపట్నం దాటాక మా పెద్దాడు చాక్లెట్ కోసం కారు డ్యాష్‌బోర్డు తెరిచి, "నాన్నా, ఇదేటి?" అన్నాడు. ముందురోజు పలాస నుంచి వచ్చి తీయడం మర్చిపోయాను. రెండు తప్పులు ఒకేసారి బయటపడ్డాయి. కారు వెనక్కి తిప్పేశాను. పెళ్లి భోజనం పోయింది, మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి రివాల్వర్ నా ఒంటి మీదైనా ఉంటుంది, లాకర్లోనైనా ఉంటుంది. మూడో చోటు లేదు.

లాకరంటే బట్టల బీరువా కాదు. గోడకి బోల్టులు వేసి బిగించిన ఇనప పెట్టె. తూటాలు వేరే తాళంలో, ఆ తాళంచెవి వేరే చోట. "మా పిల్లలు ముట్టుకోరు" అని ప్రతి తండ్రీ అంటాడు, నేనూ అన్నాను.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో తలనొప్పి. కళింగపట్నం, బారువ, భావనపాడు గాలికి కిటికీ చువ్వలే తినేస్తాయి, రివాల్వర్ ఎంత? తోలు హోల్‌స్టర్‌లో పెట్టి నెలల తరబడి వదిలేస్తే తోలు తేమ పీల్చుకుని ఉక్కుని తుప్పు పట్టిస్తుంది. విడిగా తీసి, పల్చగా నూనె రాసి, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి ఉంచండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడండి. తుపాను హెచ్చరిక వస్తే ఇంకా ముందే మేల్కోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ మా వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటింది. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయి, జనం బడుల్లో తలదాచుకున్న రోజు తుపాకీ ఎక్కడ పెట్టుకుంటారు? హెచ్చరిక రాగానే స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. తుపాకీ పోతే వెంటనే స్టేషన్‌కి చెప్పాలి, రేపు వెతుకుదాంలే అనుకోకూడదు.

ఎన్నికల సంగతి వేరే చెప్పాలి. కోడ్ వచ్చిందంటే డిపాజిట్ చేయమని కబురొస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలొచ్చాయి. అంటే దేనికోసం లైసెన్సు తీసుకున్నానో ఆ పిక్కల సీజనంతా నా రివాల్వర్ స్టేషన్‌లోనే ఉంది. నేను మాత్రం సంచి మోయడం మానేసి, రైతులకి బ్యాంకులో వేశాను. కొందరు గొణిగారు గానీ తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు నంబరు, తూటాల లెక్క రాయించి రసీదు తీసుకోండి, తుపాకీని నాలుగు వైపులా ఫోటో తీసుకోండి. తిరిగొచ్చినప్పుడు నాది గొట్టం నిండా తుప్పుతో వచ్చింది. ఫోటో లేక ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

అందరూ అడిగే ప్రశ్న చివరికి మిగిలింది. కాల్చొచ్చా? భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవి. ప్రాణం తీస్తాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో నిజమైన భయం ఉన్న క్షణంలో హక్కు ఉంది. దోపిడీకి కూడా వర్తిస్తుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసు సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు. సంచి లాక్కుని బండెక్కి పారిపోతున్నవాడి వీపు మీద కాల్చారనుకోండి, ఆ క్షణానికి మీ ప్రాణానికి భయం లేదు. బోనులో నిలబడేది మీరే. సంచిలో ఎంతున్నా వదిలేయండి, బండి నంబరు చూసి 112కి ఫోన్ చేయండి. నిజంగానే కాల్చాల్సి వచ్చిందా, 112కే ముందు చెప్పండి, అంబులెన్స్ పిలవండి, అక్కడి వస్తువు ఏదీ కదపకండి, లాయరు వచ్చేదాకా కథలు చెప్పకండి.

లైసెన్సు గడువు ఇప్పుడు 5 ఏళ్లు. ఒక మనిషి దగ్గర 2 తుపాకులకి మించకూడదు. గడువుకి రెండు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టండి. లైసెన్సుదారు చనిపోతే తుపాకీ కొడుక్కి దానంతటదే రాదు. ముందు డిపాజిట్ చేసి, తర్వాత వారసుడు తన పేరున అడగాలి. మా వీధిలో ఒకాయన పోయిన రెండేళ్లకి గానీ ట్రంకుపెట్టె అడుగున తుపాకీ ఉందని ఇంట్లోవాళ్లకి తెలియలేదు. స్టేషన్ చుట్టూ వాళ్లు తిరిగిన తిరుగుళ్లు చూసి నేను మా ఆవిడని కూర్చోబెట్టి, నాకేమైనా అయితే ఏం చేయాలో చెప్పాను. అంతా విని, "పాత ఇనప సామానోడికి ఏసీమంటావేటి?" అంది. అప్పుడే పెన్ను తీసి స్టేషన్ నంబరు లైసెన్సు పుస్తకం లోపలి అట్ట మీద అతికించిన కాగితంపై పెద్దక్షరాల్లో రాశాను.